నక్షత్రం మూసిన ఇల్లు

దసరా వెళ్లినప్పటి నుంచీ మధ్యాహ్నం నిద్రలో నాకు కుట్టుమిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. కాసేపు టకటకా నడిచేది, ఆగేది, మళ్లీ నడిచేది. మా దేవిడి గల్లిలో మధ్యాహ్నం పూట ఎండ కూడా సగం నిద్రలోనే ఉంటుంది. టవర్ సర్కిల్ వెనక, సందు దాటితే హారన్లు చెవులు తూట్లు పొడిచే చోట, మా గల్లి మాత్రం పాత గోడల మందం వల్ల చల్లగా, మసక మసకగా ఉంటుంది. అందుకని ఆ చప్పుడు కూడా కలలోదే అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. డిటెక్టివ్‌కు పగటి నిద్ర ఏమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నా కేసులు సగం ఆ నిద్రలోనే తేలాయి.

ఆ రోజు మిషను ఆగింది. దాని వెంటనే కేకలు మొదలయ్యాయి.

"దొరికింది! రాండ్రి, అందరు రాండ్రి! మూసిన ఇంట్ల దీపం పెడ్తున్నది ఎవలో జర కండ్లార సూడుండ్రి!"

గొంతు ఓంప్రకాశ్‌ది. పోలీసు ఉద్యోగం వదిలేసి బస్టాండు రోడ్డులో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. కరీంనగర్‌లో ఎవరికి ఏ చిక్కు వచ్చినా అతని దగ్గరికైనా పోవాలి, నా దగ్గరికైనా రావాలి. అతను ముందు అరిచి తర్వాత ఆలోచిస్తాడు. నేను ముందు పడుకుని తర్వాత ఆలోచిస్తాను. మా ఇద్దరికీ పడకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

కొంగు సర్దుకుని మెట్లు దిగాను. గల్లి గల్లంతా రాయమల్లు ఇంటి వెనక సందులో నిలబడి ఉంది. ఎవరూ మాట్లాడటం లేదు. ఆ ఇంటి వెనక గోడకు మనిషి వంగి దూరేంత కన్నం ఉంది. దానికి అడ్డంగా పేర్చిన రాళ్లు పక్కకు జరిపి ఉన్నాయి. కన్నం ముందు బాలలక్ష్మి తల వంచుకుని నిలబడింది. మెడలో టేపు, చేతిలో సగం కుట్టిన జాకెట్టు.

ఆ కన్నం సంగతి ముందు చెప్పాలి. రాయమల్లు భార్యాబిడ్డలు లేని పెద్దమనిషి. దసరా మర్నాడు తెల్లవారేసరికి నిద్రలోనే పోయాడు. ఆ వేళ ధనిష్ఠ నక్షత్రం. ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఐదు నక్షత్రాల్లో ఎవరు పోయినా మా వైపు ఆ ఇల్లు ఆరు నెలలు విడిచిపెడతారు. శవాన్ని గుమ్మంలోంచి తీసుకుపోరు. వెనక గోడ పగలగొట్టి ఆ దారిన బయటికి తీస్తారు. ఆ తర్వాత ముందు తలుపుకు తాళం, తాళం మీద ముళ్లకంప. లోపల దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు. పెడితే పోయినవాడు తోడు కోసం ఆ మనిషిని పిలుచుకుంటాడని నమ్మకం. గల్లిలో పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఆ గుమ్మం ముందు గబగబా నడుస్తారు. నేనూ నడుస్తాను, దాచుకోవడం దేనికి.

బాలలక్ష్మి ఆ ఇంట్లో ముందు గదిలో ఏళ్ల తరబడి అద్దెకు ఉంటోంది. జాకెట్లు కుట్టి బతుకుతుంది. భర్త మస్కట్‌లో పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. ఇల్లు మూసినప్పుడు ఆమె కూడా సంచి సర్దుకుని వెళ్లిపోయింది. వెళ్లిపోయిందనే అందరం అనుకున్నాం.

"సూసినవా నవనీత మేడం?" ఓంప్రకాశ్ నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు గీ గల్లిలనే ఉంటివి. నీ ముక్కు కిందనే దీపం వెలిగింది. నేను బస్టాండు కాడికెళ్లి వచ్చి పట్టిన."

"మీరు పట్టింది దొంగను గాదు సాబ్, కిరాయికున్నామెను."

"ఇడిసిపెట్టిన ఇంట్ల కిరాయేంది? నా దగ్గర ఫొటోలున్నయ్. దీపం పెట్టంగ తీసిన, మిషను తొక్కంగ తీసిన."

"ఓంప్రకాశ్ సాబ్, జర మెల్లగ. ఆడమనిషి. పరేషాన్ జేయొద్దు."

ఈ చివరి మాట కైలాసం అన్నాడు. రాయమల్లు తమ్ముడి కొడుకు. ఇచ్చోడలో ఎరువుల దుకాణం ఉంది. పెద్ద బాపుకు కొరివి పెట్టింది అతనే, గుండు మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి. ఎప్పుడు చూసినా చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఇల్లు ఇక అతనిదే. ఊరి నడిబొడ్డున ఉన్న ఆ జాగాలో కాంప్లెక్సు కట్టడానికి ఒక బిల్డరు ఎప్పటి నుంచో తిరుగుతున్నాడు. రాయమల్లు బతికున్నన్నాళ్లూ ఆ బిల్డరును గడప ఎక్కనివ్వలేదు. మూసిన ఇంట్లో వెలుతురు కనిపిస్తోందని ఓంప్రకాశ్‌ను పెట్టింది కూడా కైలాసమే.

దీపం పెట్టిందన్న మాట స్థిరపడితే బాలలక్ష్మికి ఈ గల్లిలో మంచినీళ్లు పుట్టవు. ఆరు నెలల తర్వాత తన గదికి తిరిగి రావడమన్నది ఇక కల్ల. ఈ గల్లి తప్ప ఆమెకు వేరే ఊరూ ఇల్లూ లేవని అక్కడున్న అందరికీ తెలుసు.

"అక్కను నా అర్రకు తోల్కపోతున్న. నాలుగు మాటలు అడగాలె."

"పట్టింది నేను, అడిగేది నువ్వా?" ఓంప్రకాశ్ అడ్డం వచ్చాడు.

"మీకు పట్టుడు వచ్చు, నాకు అడుగుడు వచ్చు. పని పంచుకుందాం సాబ్."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ సందులో అప్పటికి వినిపించిన మొదటి నవ్వు అదే. ఓంప్రకాశ్ తప్పుకున్నాడు.

నా గది రాయమల్లు ఇంటికి ఎదురుగా, మేడ మీద ఉంటుంది. బాలలక్ష్మి కుర్చీ వద్దని కిటికీ కింద నేల మీద కూర్చుంది. జాకెట్టు ఒళ్లో పెట్టుకుని మడతలు సరిచేస్తోంది.

"ఎన్నటి సంది ఉంటున్నవక్కా లోపల?"

"ముందుగాల పెద్దపల్లిల మా మేనకోడలింటికి పోయిన చెల్లె. నాలుగొద్దులు మంచిగనే సూసిండ్రు. తర్వాత వాళ్లత్త గొణుగుడు షురువు జేసింది. ధనిష్ట ఇంట్లకెళ్లి వచ్చినోళ్లు నిద్ర జేస్తే మనింటికి గూడ అంటుతదట. సంచి పట్టుకొని వచ్చిన. గిటు కమాను దాక తిరిగిన, గటు కోర్టు దాక తిరిగిన. అర్ర ఉన్నదంటరు. యాడికెళ్లి వస్తున్నవ్ అంటరు. దేవిడి గల్లి అనంగనే లేదంటరు."

"నా కాడికి రాకపోతివా?"

"నీకు అంటొద్దనే రాలే."

స్టవ్ వెలిగించి చాయ పెట్టాను. నా కళ్లలో నీళ్లు ఆమెకు కనపడకుండా ఉండటానికి అదొక పని.

"లోపల భయం కాలేదా?"

"మొదటి దినం అయ్యింది. రాయమల్లు మామ ఊగుడు కుర్చీ గట్లనే ఉన్నది. మామా, నేనే, బాలలక్ష్మిని, జర మిషను కుట్టుకుంట అన్న. కుర్చీ జరంత ఊగింది. గాలే కావచ్చు. నాకు మాత్రం సరే బిడ్డా అన్నట్టు అనిపిచ్చింది. గప్పటి సంది భయం లే."

"గల్లిల ఎవలకన్న ఎర్కనా?"

"అందరికి ఎర్కనే. పొద్దుగాల రాళ్ల మీద గిన్నెల అన్నం ఉంటది. ఎవలు పెట్టిండ్రో నేను అడగ, వాళ్లు చెప్పరు."

అప్పుడు నాకు సిగ్గేసింది. మధ్యాహ్నాలు ఆ మిషను చప్పుడు విన్నది నేనొక్కదాన్నే కాదన్నమాట. గల్లి మొత్తం విన్నది, విని కల అనుకున్నట్టు నటించింది. నిజంగా కల అనుకున్నది డిటెక్టివ్‌నైన నేనొక్కదాన్నే.

"ఊరిడిసి ఇంకో కాడ ఉండరాదక్కా?"

"ఆయనకు ఎర్కున్న ఇల్లు గిదొక్కటే చెల్లె. ఎన్నడన్న దిగి వస్తే గీ గల్లికే వస్తడు. నేను లేకపోతే ఎవలనడుగుతడు?"

చాయ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నాను. రాయమల్లు పోయిన రోజు నేను ఇంకో పని మీద ఆసిఫాబాద్‌లో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి తలుపుకు ముళ్లకంప పెట్టేశారు. అందుకని ఆ రోజు సంగతి మొదటి నుంచీ చెప్పమన్నాను.

"దసరా నాడు మామకు జమ్మి పెట్టి కాళ్లు మొక్కిన. నెత్తి మీద చెయ్యి పెట్టిండు. రాత్రి కైలాసం తమ్ముడే అన్నం వడ్డిచ్చిండు. తెల్లారి లేవలే. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నడు. అయ్యగారు పంచాంగం తీసి ధనిష్ట అన్నడు. ఇగ గోడ పలుగగొట్టక తప్పదాయె."

"ఎవలు కొట్టిండ్రు?"

"తమ్ముడే. గడ్డపారతోని నాలుగు దెబ్బలు ఏసిండో లేదో, రాళ్లు ఊడి పడ్డయ్. చాయ తాగి గ్లాసు కింద పెట్టేలోపల తొవ్వ అయ్యింది. రాయమల్లు పుణ్యాత్ముడు, గోడ గూడ అడ్డం రాలేదన్నరు అందరు."

"తమ్ముడు మంచోడేనా నీతోని?"

"మస్తు మంచోడు. పండుగకు ముందుగాల నన్ను, మామను ఎములాడ గుడికి తోలిండు. రాజన్న కాడ మూడు నిద్రలు జేసి రాండ్రి, గంతల నేను ఇంటికి సున్నం ఏస్త అన్నడు. వచ్చి సూస్తే ఏముంది, ఇల్లంత నీలం! నీలిమందు ఎక్కువ వడ్డది. మామ ఒకటే నవ్వుడు. ఆకాశంల కాపురం పెట్టినట్టున్నదిరా అని."

ఆ మాట చెబుతూ ఆమె కూడా నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమెను అక్కడే ఉండమని నేను మళ్లీ సందులోకి దిగాను. ఓంప్రకాశ్ కన్నం పక్కన ఒక చిన్న రేకు బోర్డు పట్టుకుని, మేకు కొడుతున్నాడు. లోపలికి ఎవరూ రావద్దని రాసి ఉంది. దాని కింద అంతకంటే పెద్ద అక్షరాల్లో అతని ఏజెన్సీ పేరు. మేకు వంగిపోయింది. ఇంకొకటి తీశాడు. అదీ వంగింది.

"గా గోడలకు మొలలు దిగయ్ సాబ్. మా గల్లికి కొత్తనా?"

"సుత్తె మంచిది గాదు."

"సుత్తెను ఏమనకుండ్రి. నా అర్రకు ఇంటర్నెట్ వైరు గుంజెతందుకు వచ్చిన పిలగాడు డ్రిల్లు బిట్లు పలుగగొట్టుకొని ఏడ్సుకుంట పోయిండు. డంగు సున్నం గోడలు. అందుకే మేం అంగీలు గూడ చిలక్కొయ్యలకే తగిలిస్తం."

అతను మూడో మేకు జేబులో వేసుకున్నాడు. ఇద్దరం వంగి కన్నంలోంచి లోపలికి దూరాం.

లోపల అంతా నీలం. బయట ఎండ ఉన్నా ఆ ఇంట్లో తెల్లవారుజాములా ఉంది. రాయమల్లు ఊగుడు కుర్చీ, దాని మీద మడిచిన కండువా, మూలన కుట్టుమిషను, గూట్లో చిన్న ప్రమిద. మనిషి లేడన్న సంగతి ఆ ఇంటికి ఇంకా ఎవరూ చెప్పలేదనిపించింది. నేను కాసేపు అలాగే నిలబడిపోయాను. నాకు పనిలో ఉన్నప్పుడు కూడా ఇలా అవుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, మనసు మాత్రం ఎటో పోతుంది.

"నిద్ర వస్తుందా మేడం? పక్క ఎయ్యమంటవా?" ఓంప్రకాశ్ దీపాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీస్తున్నాడు. "ఇదుగో వత్తి, ఇదుగో నూనె. ఇంకేం గావాలె రుజువు?"

"దీపం పెట్టిందని ఆమెనే ఒప్పుకున్నది. ఒప్పుకున్నదానికి రుజువెందుకు?"

"కైలాసం అడిగిండు. మంచిగ కండ్లకు కనవడేటట్టు తియ్యమన్నడు. పైసలిచ్చేటాయన అడిగినంక తియ్యాలె గదా."

నేను కన్నం దగ్గరికి వెళ్లాను. గోడ మందం నా చెయ్యి మోచేతి దాకా పోయేంత ఉంది. పగిలిన అంచుల మీద ఊరికే వేళ్లు పెట్టి లోపలికి తడుముతూ పోయాను. రాళ్ల మధ్య మెత్తటి ఎర్రమట్టి, గోరు తగలగానే రాలింది. చెయ్యి బయటికి తీసి చూసుకుంటే వేళ్లకు నీలం అంటింది. గోడ లోపలి దాకా, రాయికీ రాయికీ మధ్యన, సన్నటి నీలం చారలు. అందంగా ఉన్నాయి. అంతకు మించి నాకు ఆ క్షణాన ఏమీ తట్టలేదు. రాయమల్లు చెప్పిన ఆకాశం గోడ లోపల కూడా ఉందే అనుకున్నాను.

అంతలో కైలాసం వంగి లోపలికి వచ్చాడు.

"ఏమన్న దొరికిందా అక్కా?"

"ఏం లే. నీలం మంచిగున్నది. ఎవలు ఏసిండ్రు గీ సున్నం?"

"కైకిలి పనోళ్లను పెట్టిన."

"బాలలక్ష్మక్క నువ్వే ఏసినవన్నది."

కైలాసం ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఎప్పటిలాగే నవ్వాడు.

"నేనే, నేనే. యాది మర్చిన. పెద్ద బాపు పోయిన దుఃఖంల ఏది యాదికుంటలేదు."

అతని చూపు నా నీలం వేళ్ల మీద పడి, అక్కడే కాసేపు ఉంది. నేను చెయ్యి కొంగుకు తుడుచుకున్నాను.

బయటికి వచ్చాక అతను గల్లివాళ్లందరి ముందూ చేతులు జోడించాడు. బాలలక్ష్మిని కిందికి పిలిపించాడు.

"అందరికి దండం పెట్టి చెప్తున్న. అక్క తప్పు జేసింది, నిజమే. కని యాడికి తోలుతం? మా పెద్ద బాపు ఉంటే తోలునా? ఇంకొక ఐదొద్దులు లోపలనే ఉండనియ్యుండ్రి. గంతల నేనే ఎక్కడన్న అర్ర సూస్త. దోసం ఏమన్న ఉంటే నా నెత్తిన."

ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. బాలలక్ష్మి వంగి అతని కాళ్లకు మొక్కబోతే, చిన్నవాణ్ని, వద్దని వెనక్కి జరిగాడు. సన్నగా, మృదువుగా ఉన్న ఆ గొంతు నన్ను కూడా కరిగించింది. ఇంత మంచివాణ్ని పట్టుకుని సున్నం గురించి ఆరా తీశానే అని నొచ్చుకున్నాను కూడా. తర్వాత అతను ఓంప్రకాశ్‌ను పక్కకు పిలిచి, పని అయిపోయిందని చెప్పి పంపేశాడు.

సాయంత్రమైంది. కార్తీకం కదా, గల్లిలో ప్రతి గుమ్మం ముందూ దీపాలు వెలిగాయి. గోడల గూళ్లలో, గడపల మీద, నూనె వాసనతో గాలి బరువెక్కింది. ఎదురుగా రాయమల్లు ఇంటి ముందు తలుపు ఒక్కటే ముళ్లకంపతో చీకటిగా ఉంది. నేను కిటికీ దగ్గర నీళ్ల చెంబు పెట్టుకుని వేళ్లు కడుక్కుంటున్నాను. గోళ్ల సందుల్లో నీలం ఎంతకీ వదలడం లేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఓంప్రకాశ్ వచ్చి, పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కేసు ఖతం మేడం. గెలిచింది నేను. చాయ తాగిపియ్యి."

"గెలిస్తే మొఖం గట్లెందుకున్నది?"

"నీ గల్లి గోడకు నా బోర్డు ఎక్కలే. గదొక్కటే బాధ."

నవ్వబోయి ఆగాను. చేతిలో చెంబు చేతిలోనే ఉంది. మధ్యాహ్నం నుంచీ మనసులో అటూ ఇటూ తేలుతున్నది ఏదో ఒడ్డుకు తగిలింది.

"సాబ్, సున్నం యాడ ఏస్తరు?"

"గోడ మీద ఏస్తరు. యాడ ఏస్తరు మరి?"

"గోడ లోపల ఏస్తరా?"

"పిచ్చా ఏమన్ననా?"

వేళ్లు చూపించాను. "ఇది గోడ లోపలిది. మోచెయ్యి దాక పెట్టి తీసిన. రాళ్ల నడుమ చారలు చారలు ఉన్నది."

"సున్నం నీళ్లు కావచ్చు, కారింది."

"మీ మొల దిగని గోడల సున్నం నీళ్లు కారెతందుకు సందెక్కడిది?"

ఓంప్రకాశ్ వంగి నా వేళ్లను దగ్గరగా చూశాడు. అరిచే మనిషే కానీ తెలివితక్కువవాడు కాదు.

"గా నీలం ఎన్నటిది?"

"గీ దసరాదే. అంతకుముందు ఆ ఇంట్ల ఎప్పుడు తెల్లదే."

"అంటే..." అతని గొంతు తగ్గింది. "గోడ ముందుగాలనే కోసిండు. రాళ్లు ఊడదీసి, ఎర్రమట్టితోని మళ్ల పేర్చిండు. ఆనవాలు కనవడకుంట పైకెళ్లి సున్నం కొట్టిండు. మట్టి ఎండి సందు ఇడిస్తే నీలం లోపలికి దిగింది."

"అందుకే నాలుగు దెబ్బలకే తొవ్వ అయ్యింది."

"గప్పటికి రాయమల్లు?"

"బతికే ఉన్నడు. ఎములాడల రాజన్నకు దండం పెట్టుకుంట ఉన్నడు."

కింద ఎవరో పాట పాడుకుంటూ దీపాల్లో నూనె పోస్తున్నారు. బతికున్న మనిషి నవ్వుతూ తిరుగుతున్న ఇంట్లో, అతని శవాన్ని తీసుకుపోవడానికి ముందే దారి సిద్ధం చేశారు. రాయమల్లు ఏ నక్షత్రంలో పోవాలో కైలాసం పంచాంగం చూసి పెట్టుకున్నాడు. ఆ రాత్రి అన్నం వడ్డించిన చెయ్యి కూడా అతనిదే. ఈ పాత గోడ పగలడానికి ఎంతసేపు పడుతుందో చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు కాబట్టి, పొద్దుగూకేలోపు శవం లేవకపోతే పదిమంది వస్తారు, పది మాటలు పుడతాయని భయపడ్డాడు. తొందర కోసం చేసిన పని అది. రౌడీలు లేకుండా, కోర్టు లేకుండా ఇల్లు దానంతట అదే ఖాళీ అయిపోయింది. మేమందరం కూడా దండం పెట్టి పక్కకు తప్పుకున్నాం.

"పోలీసులకు చెప్పాలె. నేను మాట్లాడుత," అని ఓంప్రకాశ్ లేచాడు. లేచినవాడు మళ్లీ ఆగాడు. "మేడం, ఇంకొక మాట. పొద్దుగాల మేస్త్రీ వచ్చిండు, కన్నం మూసెతందుకు. కైలాసం వాపస్ తోలిండు. ఐదొద్దులు ఆగినంక మూద్దాం, గప్పటిదాక తెరిసే ఉండాలె అన్నడు. ఏదో శాస్త్రం కావచ్చు అనుకున్న."

"గసువంటి శాస్త్రం ఏది లేదు సాబ్."

"మరి ఐదొద్దులు ఎందుకు?"

గోడ చిలక్కొయ్యకు వేలాడుతున్న క్యాలెండరు దగ్గరికి వెళ్లాను. తేదీ కింద చిన్న అక్షరాల్లో ఆ రోజు నక్షత్రం ఉంది. చంద్రుడు ఆకాశమంతా ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాడు. ధనిష్ఠ. ఆ రోజు మొదలై రేవతి దాకా ఐదు రోజులు.

ఓంప్రకాశ్ నా భుజం మీదుగా చూశాడు.

"నాతోని ఫొటోలు తీపిచ్చిండు," అన్నాడు మెల్లగా. "దీపం పెట్టంగ. మూసిన ఇంట్ల దీపం పెట్టింది, రాయమల్లు పిలుసుకున్నడు అంటరు. ఎవలు గూడ అడగరు. రుజువు నా ఫొటోలే."

లోపల ఉండమన్న దయ, నెత్తిన వేసుకున్న దోషం, ఇంకో శవం కోసం తెరిచి ఉంచిన కన్నం అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. సున్నం ఎవరు వేశారో చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆ మనిషి ఆ మాట బయటపెట్టిందని నా నోటితోనే అతనికి చెప్పాను.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీదికి ఉరికాను. దిగుతూనే ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. నా వెనక ఓంప్రకాశ్ బూట్లు మెట్లు అదరగొడుతున్నాయి. సందు మలుపు తిరిగేసరికి ఎత్తింది.

"అక్కా, యాడున్నవ్?"

"ఇంట్లనే ఉన్న చెల్లె." బాలలక్ష్మి గొంతులో చాలా రోజుల తర్వాత సంతోషం వినిపించింది. "నువ్వు ఫికర్ జేయకు. అర్ర దొరికిందట. కైలాసం తమ్ముడు ఇప్పుడే వచ్చిండు. పాపం, నాకోసం చెరుకురసం గూడ పట్టుకచ్చిండు. తాగి మల్ల జేస్త."

వద్దని నేను అరిచేలోపే ఫోను పెట్టేసింది.